ఎడమచేతి ఉలి గాట్లు

తాయిఫ్ వదిలి దక్షిణంగా గంటన్నర పోయాక పికప్ బండి కొండ మలుపు తిరిగింది. రామాంజి నోట్లో ఖర్జూరం నమలడం మరిచిపోయాడు.

లోయ నిండా పొగమంచు. ఆ మంచుకు పైన, కింద ఆధారమేమీ లేనట్టు, ఒక కోట నిలబడి ఉంది. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో కంటికి ఆనడం లేదు. నాలుగు బురుజులు. ఒక్కో బురుజు మెడ చుట్టూ తెల్లటి పలుగురాళ్ళ వరుస. పొద్దుటెండ పడి ఆ వరుసలు మాత్రం తళతళలాడుతున్నాయి.

“ఎవురప్పా దీన్ని కట్టినోళ్ళు?” అన్నాడు రామాంజి, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.

బండి నడుపుతున్న ఇస్సాక్ నవ్వాడు. “ఎవరికి తెలుసు బాబాయ్! అది తేల్చడానికే గ్రీసు దేశం నుంచి ఒక మేడం గారిని తెచ్చారు. పైకెళ్ళాక చూద్దురుగాని. ఆవిడ గోడల్తో మాట్లాడుద్ది.”

ఇస్సాక్‌ది అమలాపురం. పరంజాలు కట్టే పని. నెల రోజులుగా ఈ కొండమీదే ఉన్నాడు. రామాంజి మాత్రం నిన్ననే రియాద్ నుంచి వచ్చాడు. అతనిది గుత్తి దగ్గర పల్లె. తండ్రి బావులు కట్టే వడ్డె మేస్త్రీ. పదేళ్ళ వయసు నుంచి ఇరవై ఐదు దాకా రామాంజి తండ్రి వెంట బావుల్లోకి దిగుతూనే బతికాడు. తర్వాత ఊరూరా బోర్లు పడ్డాయి. బావి కట్టించుకునేవాళ్ళు లేకపోయారు. రియాద్ వచ్చి పన్నెండేళ్ళు సిమెంటు గోడలకు పలుచటి రాతి పలకలు అంటించాడు. షాపింగ్ మాల్స్, విల్లాలు, ఒక ఆస్పత్రి. ఎక్కడా రాయి బరువు మోయదు. బయటికి కనిపిస్తుంది, అంతే. కంపెనీకి ఈ కోట బాగుచేసే పని దొరికినప్పుడు, “సిమెంటు లేకుండా రాతి గోడ కట్టగలిగినవాళ్ళు ఎవరు?” అని క్యాంపులో అడిగారు. రెండొందల మందిలో లేచింది రామాంజి చెయ్యి ఒక్కటే.

బండి కొండ కిందే ఆగిపోయింది. అక్కడినుంచి రాతిలో తొలిచిన మెట్లు. ఎక్కుతుంటే ఒక కోతుల గుంపు బండల మీద కూర్చుని, పని తనిఖీ చేయడానికి వచ్చిన అధికారుల్లా వీళ్ళనే చూసింది. మూడు వందల మెట్లు లెక్కపెట్టాక రామాంజి లెక్క మానేశాడు. తను ఉత్త చేతులతో ఎక్కడానికే ఆయాసపడుతున్నాడు. పైన గోడలో ఒక్కో రాయి ఇద్దరు మనుషులంత బరువుంది.

కోట వాకిట్లో, మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయిన ఒక పొడుగాటి ఆడమనిషి గోడకు చెంప ఆనించి నిలబడి ఉంది. యాభై దాటి ఉంటుంది. పేరు వాసిలికి. పనివాళ్ళ నోళ్ళలో ఆ పేరు మొదటి వారంలోనే ‘వాకిలి మేడం’ అయిపోయింది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అర్థం అడిగి తెలుసుకుని, కోట వాకిలి వెతికే మనిషికి తగిన పేరేనని సంబరపడిందట.

సైట్ ఇంజనీరు సాయికుమార్ రామాంజిని ఆమెకు పరిచయం చేశాడు. అతను హైదరాబాద్ కుర్రాడు. చెవిలో ఎప్పుడూ ఫోన్ తీగ, చేతిలో ఎప్పుడూ షెడ్యూల్. ఆమె మాటలన్నీ అతనే తెలుగు చేయాలి.

“రామాంజీ, ప్రాబ్లెమ్ ఇది,” అని పడమటి గోడ దగ్గరికి తీసుకుపోయాడు సాయికుమార్. “ఈ బల్జ్ చూసినవా? పదిహేను ఫీట్ల లెంత్ బయటికి వచ్చేసింది. ఇంకో పన్నెండు రోజుల్లో మినిస్ట్రీ వాళ్ళ ఇన్‌స్పెక్షన్. ఇది మొత్తం డిస్‌మాంటిల్ చేసి, లోపల కాంక్రీట్ పోసి, బయట పాత రాళ్ళే పెట్టేద్దామంటున్న. మేడం ఒప్పుకుంటలేదు.”

గోడ నిజంగానే పొట్ట వేసుకుని ఉంది. రామాంజి తూకం గుండు వేలాడదీసి చూశాడు. జానెడు బయటికి వచ్చింది.

“మేడం ఏమంటుంది సార్?”

“పొట్ట ఎందుకొచ్చిందో తెలియకుండా ముట్టుకోవద్దంటది.”

రామాంజి వాకిలి మేడం వైపు చూశాడు. తండ్రి కూడా అదే అనేవాడు, బావి గోడ కూలినప్పుడల్లా. అతనికి ఆమె మీద మొదటిసారి గురి కుదిరింది.

మధ్యాహ్నం తిండి వేళ అందరూ బురుజు నీడన కూర్చున్నారు. కింద పల్లె నుంచి అబూ సాలెం అనే ముసలాయన గావా కాఫీ తెచ్చాడు. ఈ కోట ఒకప్పుడు వాళ్ళ తెగదే. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ మెట్లు రోజుకోసారి ఎక్కుతాడు. వాకిలి మేడం తన టాబ్ తీసి ఒక కొండ ఫోటో చూపించింది. బోడి బండ కొండ. దాని నెత్తిన, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, పాములా పాకిన కోట గోడ.

“ఇది మేడం వాళ్ళ ఊరు కొండ,” అన్నాడు సాయికుమార్. “కొరింథ్ అంటరు.”

ఇస్సాక్ చేతిలో రొట్టె పళ్ళెంలో పడింది. “ఏ ఊరూ? కొరింథా? మా పాస్టరు గారు చెప్పే కొరింథా? పౌలు గారు వెళ్ళిన ఊరు?”

వాకిలి మేడం ‘పౌలు’ అనే పేరు పట్టుకుని తల ఊపింది. ఏదో చెప్పింది.

“ఆయన వచ్చేసరికే కొండమీద ఆ గోడలు మూడు వందల ఏండ్ల పాతవట,” అన్నాడు సాయికుమార్. ఈసారి అతని గొంతులోనూ తొందర లేదు.

“అయ్యబాబోయ్!” అన్నాడు ఇస్సాక్. పడిన రొట్టె తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత, “చిన్నప్పట్నుంచీ వింటన్నాను బాబాయ్. అది భూమ్మీద ఉన్న ఊరని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఊరావిడ మనకి టీ పోసిందీ పొద్దున!” అన్నాడు.

ఆమె ఒక్కో ఫోటో జరుపుతూ పోయింది. కొండవాలున ఒకదాని పైన ఒకటి మూడు వాకిళ్ళు. పైవాకిలి పక్కన బురుజు. అడుగున, క్రీస్తుకు ముందటి మేస్త్రీలు పేర్చిన బారెడేసి రాళ్ళు. వాటిమీద తర్వాతి రాజ్యం వాళ్ళు వేసిన చిన్న రాళ్ళు. ఆ పైన సముద్రం మీద వచ్చిన వేరే దేశం వాళ్ళవి. ఆ పైన తుర్కులవి. ఎవరు గెలిచినా కిందివాడి రాయిని తీసిపారేయలేదు. దానిమీదే తమ రాయి పెట్టుకున్నారు. ఆ దేశంలో అలాంటి కొండకోటలు ఎన్ని ఉన్నాయో, చిన్నప్పుడు తను తాతతో ఎన్ని ఎక్కిందో చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

రామాంజి వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి, అడుగు రాళ్ళ అతుకులు చూశాడు. చాలాసేపు చూశాడు. రాయికి రాయి, మధ్య ఏ పూతా లేకుండా, నలుచదరంగా కాక ఐదారు మూలలతో ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. అట్లా ఒక్క రాయి కూర్చోబెట్టాలంటే ఎన్నిసార్లు ఎత్తి దించాలో అతనికి తెలుసు.

అప్పుడొక ప్రశ్న వచ్చింది అతనికి. సాయికుమార్ కోసం చూడకుండా, తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లోంచి ఏరుకుని నేరుగా ఆమెనే అడిగాడు.

“మోయా? మోయా వేన్?” నీళ్ళు? నీళ్ళెక్కడ?

ఆమె చటుక్కున తలెత్తింది. ఆ రెండు మాటలు ఆమెకూ వచ్చు. టాబ్‌లో ఇంకో ఫోటో తీసింది. కొండ శిఖరం దగ్గర నేలలోకి దిగిపోతున్న మెట్లు. అడుగున చీకట్లో అద్దంలా నిలిచిన నీళ్ళు. అంత ఎత్తున, బండ లోపల, ఊట.

“ఇక్కడ మాత్రం దొరకలే,” అన్నాడు సాయికుమార్. “సర్వే చేసిన్రు. ఏం లేదు.”

అబూ సాలెం కూడా చేతులు తిప్పాడు. తమ నాయనమ్మలు తోలుసంచుల్లో లోయ నుంచి నీళ్ళు మోసేవాళ్ళని సైగలతో చెప్పాడు.

రామాంజి తల అడ్డంగా ఊపాడు. “కాదు సార్. శత్రువు కింద కూసుంటే నీళ్ళకి కిందికెట్ల పోతారు? నీళ్ళు లేకుండా ఇంత కోట కట్టేంత తిక్కోళ్ళు కాదు వీళ్ళు. యాడో ఉండాది.”

నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. తాయిఫ్ కొండల వాన చెప్పి రాదు. ఎండగా ఉన్న ఆకాశం అరగంటలో నల్లబడి, ముందు వడగళ్ళు, వెనకాలే కుండపోత. అందరూ కింద కంటైనర్ గదిలోకి పరుగెత్తారు. రామాంజి బురుజు గడపలో ఆగిపోయి, కోట నడిమి ముంగిట్లో నీళ్ళ పోకడ చూస్తూ నిలబడ్డాడు.

ముంగిలి చదునుగా ఉందనుకున్నారు అందరూ. కాదు. నాలుగు వైపుల నుంచీ నీళ్ళు సన్నటి పాయలై ఒకే దిక్కుకు, పడమటి గోడ మూలకు, ఎవరో పిలిచినట్టు పోతున్నాయి. అక్కడ కూలిన రాళ్ళ గుట్ట ఉంది. నీళ్ళు ఆ గుట్ట కిందికి దూరిపోతున్నాయి. గంట సేపు అంత వాన కురిసినా ఆ మూల అరచేతంత మడుగైనా నిలవలేదు.

వాన వెలిశాక రామాంజి గోడ అవతలికి పోయి చూశాడు. పొట్ట వేసిన చోట, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చెమటలా కారుతున్నాయి. మళ్ళీ లోపలికి వచ్చి, గుట్ట పక్క తడి నేలమీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు.

ఏమీ లేదు. ఊపిరి బిగబట్టాడు. అప్పుడు వినపడింది. ఒక చుక్క, ఎక్కడో లోతున, నీళ్ళమీద పడ్డ చప్పుడు. కాస్త ఆగి, ఇంకొకటి. ఒక్కో చుక్క వెనకా బావి గోడల మధ్య తిరిగే ఆ గుండ్రటి మోత. పదిహేనేళ్ళు ఆ మోతలోనే పెరిగినవాడు. పొరబడే ప్రసక్తే లేదు.

“మేడం!” అని అరిచాడు. కొండ కిందిదాకా వినపడేలా అరిచాడు. “మేడం! మోయా!”

వాకిలి మేడం తడిసిన మెట్లమీద పరుగున వచ్చింది. అతని పక్కనే బురదలో పడుకుని చెవి ఆనించింది. వింటూ వింటూ కళ్ళు మూసుకుంది.

సాయికుమార్ మొదట ఒప్పుకోలేదు. ఆ గుట్ట తీస్తే గోడ కూలుతుందేమోనని అతని భయం. అది న్యాయమైన భయమే. ఇస్సాక్ బయటినుంచి గోడ పొట్టకు దుంగలతో, ఇనుప గొట్టాలతో ఊతం కట్టాడు. దానికే ఒక పగలంతా పట్టింది. తర్వాత మూడు రోజులు రాయి తర్వాత రాయి తీశారు. తీసిన ప్రతి రాయికీ మేడం ఒక నంబరు రాసింది. మూడో రోజు సాయంత్రానికి గోడ వెంట పారే రాతి కాలవ బయటపడింది. కూలిన రాళ్ళు, మట్టి, బ్రహ్మజెముడు వేళ్ళు కలిసి దాన్ని బిరడాలా మూసేశాయి. ఆ కాలవ నీళ్ళే దారి లేక గోడ కడుపులోకి పోతున్నాయి. గోడ పొట్ట అందుకే.

కాలవ చివర ఒక బండ ఉంది. మరుసటి ఉదయం రామాంజి ఇనుప గడారి మొన సందులో పెట్టి, ఇస్సాక్ భుజం ఆనించగా, బండను జానెడు జరిపాడు. లోపలినుంచి గాలి వచ్చింది. చల్లటి, పాత గాలి. తడి రాతి వాసన.

గాలి పరీక్షించే యంత్రం దించి చూశారు. మంచిదే. బండను మనిషి పట్టేంత జరిపారు. మేడం నడుముకు తాడు కట్టుకుంది. కట్టుకుని, రామాంజి వైపు ఇంకో తాడు చాచింది.

“నిన్ను కూడా రమ్మంటుంది,” అన్నాడు సాయికుమార్. “ఫస్ట్ నువ్వే దిగాల్నట. విన్నది నువ్వు కదా.”

రామాంజి చెప్పులు విప్పాడు. ఎందుకు విప్పాడో అతనికే తెలియదు. కాలు లోపలికి పెట్టి తడిమితే ఒక మెట్టు తగిలింది. గోడలోంచి పొడుచుకు వచ్చిన ఒంటి రాయి. దాని కింద, సరిగ్గా కాలు చాచినంత దూరంలో, ఇంకొకటి. తండ్రి బావుల్లో పెట్టినట్టే. కళ్ళతో చూడకుండానే అతని పాదాలు దిగడం మొదలుపెట్టాయి.

పద్దెనిమిది మెట్లు దిగాక ఒక చప్టా వచ్చింది. మేడం కూడా దిగి అతని పక్కన నిలబడింది. ఇద్దరూ తలదీపాలు పైకెత్తారు.

వాళ్ళు నిలబడింది ఒక ఇల్లంత గదిలో. కాదు, రెండు మూడు ఇళ్ళంత గదిలో. కింద సగం కొండ బండనే తొలిచారు. పైన సగం రాతి కట్టడం. కప్పును మోస్తూ బండలోనే వదిలేసిన నాలుగు స్తంభాలు, ఒక్కోటి ఏనుగు కాలంత. వాటి పాదాల చుట్టూ నల్లటి నీళ్ళు, కదలకుండా. ఆ సమయానికి ఎండ పైబొక్కలోంచి సన్నగా దిగి నీళ్ళమీద పడింది. ఒక్కసారిగా కప్పంతా వెలుగు అలలు పాకాయి. స్తంభాలు, గోడలు, మేడం ముఖం, అన్నీ కదులుతున్నట్టయింది. రామాంజి చెయ్యి దానంతటదే గుండెమీదికి పోయింది.

మేడం గ్రీకులో ఏదో గొణిగింది. ఆమె బుగ్గలు తడిసి ఉన్నాయి.

కాసేపటికి రామాంజి దగ్గరి గోడకు దీపం వాల్చి పట్టుకున్నాడు. బండ నిండా ఉలి గాట్లు. వేలకు వేలు. వాటిని చూస్తూ రెండడుగులు నడిచి, ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ నడిచాడు. గాట్ల మీద వేళ్ళు ఆనించాడు. తన కుడిచేత్తో సుత్తి, ఎడమచేత్తో ఉలి పట్టుకున్నట్టు ఊహించుకుని చూశాడు. కుదరలేదు. చేతులు మార్చాడు. కుదిరింది.

“సార్!” అని పైకి కేక వేశాడు. “సాయి సార్! మేడంకి ఈ మాట చెప్పు. ఈయప్ప ఎడమచేతి వాటం మనిషి!”

పైనుంచి సాయికుమార్, “ఎవరు?” అన్నాడు.

“ఈ గోడ తొలిచినాయన! అందరి గాట్లు కుడి నుంచి ఎడమకి వాలతాయి. ఈయనవి ఎదురు వాలినాయి. చూడమను.”

సాయికుమార్ ఇంగ్లీషులో అరిచి చెప్పాడు. వాకిలి మేడం దీపం తెచ్చి చూసింది. ఆమెకు గాట్లు కనిపిస్తున్నాయి, మనిషి కనిపించడం లేదు. రామాంజి ఆమె చెయ్యి పట్టుకుని గాటు వెంట నడిపించాడు. మాటలు అక్కర్లేకపోయాయి. ఇదిగో, ఇక్కడ ఉలి కొత్తగా సానబట్టాడు, గాటు సన్నగా, లోతుగా ఉంది. ఇక్కడికి వచ్చేసరికి మొన మొద్దుబారింది. ఇక్కడ మళ్ళీ సాన. ఇక్కడ అలిసిపోయాడు, దెబ్బలు చిన్నవై దగ్గరికి వచ్చాయి. ఇక్కడ బండలో నెర్రె తగిలింది. ఎంత నెమ్మదిగా దాన్ని చుట్టి పోయాడో చూడు. పగలనివ్వలేదు.

గోడ వెంట చప్టా మీదే అట్లా ముప్పై అడుగులు పోయారు. మూడో స్తంభం దగ్గర, నడుమెత్తున, ఎడమచేతి గాట్లు ఆగిపోయాయి. అక్కడినుంచి గాట్లు మామూలు వాలుకు తిరిగాయి. వేరే చెయ్యి. మొదట్లో తడబడి, తర్వాత కుదుటపడ్డ చెయ్యి.

రామాంజి అక్కడ కదలకుండా నిలబడిపోయాడు. ఆ మనిషి జబ్బుపడ్డాడో, చనిపోయాడో, ముసలివాడై పైన ఎండలో కూర్చుని మెట్లమీద వచ్చిపోయేవాళ్ళను చూస్తూ ఉండిపోయాడో. అతని పేరు రాసినవాళ్ళు లేరు. అతని తెగ కూడా మరిచిపోయింది. కానీ అతని పొద్దులు ఒక్కోటీ ఇక్కడ ఉన్నాయి, విడివిడిగా, ఏ రోజు ఎట్లా గడిచిందో తెలిసేంతగా. ఇన్ని వందల ఏళ్ళు చీకట్లో ఉండి, చదవగలిగేవాడి కోసం కాదు, ఎవరి కోసమూ కాదు, ఊరికే ఉన్నాయి. రామాంజి నుదురు బండకు ఆనించాడు. తండ్రి పోయినరోజు కూడా అతనికి ఇంత నిశ్శబ్దం తెలియలేదు.

పైకి వచ్చాక మేడం ఒక బండమీద కూలబడి, సాయికుమార్‌తో చాలాసేపు మాట్లాడింది.

“ముప్పై ఏండ్లు కోటలు చదివిందట,” అన్నాడు సాయికుమార్. “ఎవరు కట్టించిన్రు, ఎప్పుడు కట్టించిన్రు అని ఎదుకుతనే ఉన్నదట. కొట్టిన మనిషిని ఇంత దగ్గర నుంచి ఎన్నడూ చూడలేదట. నీతో మళ్ళీ దిగుతనంటుంది. అంతా నువ్వు చూపియ్యాలె, ఆమె గీసుకోవాలె.”

“ఎన్నేండ్ల కిందటిది సార్ ఇది?”

సాయికుమార్ అడిగాడు. ఆమె భుజాలు ఎగరేసింది. పైకోట మూడు నాలుగు వందల ఏళ్ళది కావచ్చు. కింది గది అంతకంటే చాలా పాతది. వెయ్యేళ్ళో, ఇంకా ఎక్కువో. తెలియదు. తెలియదని చెప్పడానికి ఆమె ఏమీ మొహమాటపడలేదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. కాలవ శుభ్రం చేశారు. పొట్ట వేసిన మేరకు మాత్రం గోడ విప్పి, నంబర్ల ప్రకారం ఒక్కో రాయినీ రామాంజి మళ్ళీ కూర్చోబెట్టాడు. సిమెంటు చెంచాడు వాడలేదు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాళ్ళను మూడడుగులకొకటి వేశాడు, పాత మేస్త్రీలు వేసినట్టే. తూకం గుండు గోడకు వెంట్రుకవాసి దూరంలో నిలిచినప్పుడు సాయికుమార్ వంగి చూసి, చెవిలో తీగ తీసేసి, “కాంక్రీట్ అన్నది నేనే కదా,” అని తనలో తను నవ్వుకున్నాడు. మినిస్ట్రీ వాళ్ళు వచ్చినప్పుడు గోడ ఇంకా ఛాతీ ఎత్తే లేచింది. వాళ్ళు దాని సంగతే అడగలేదు. ఇద్దరిద్దరుగా కింది గదిలోకి దిగి, పైకి వచ్చి, మళ్ళీ దిగారు. గడువు రెండు నెలలు పెంచారు.

పెంచిన గడువులో రెండో వారం, మళ్ళీ వాన.

ఈసారి ఎవరూ కంటైనర్‌కు పరుగెత్తలేదు. ముంగిట్లో నీళ్ళు పాయలై, కాలవలో కలిసి, బండ పక్క బొక్కలోకి తిరిగాయి. కింద మొదట చిటపటలు. తర్వాత ధార. తర్వాత కొండ లోపల ఏదో పెద్ద ప్రాణి నిద్రలేచినట్టు ఒక గర్జన, కాళ్ళకింది రాళ్ళు సన్నగా అదిరేంత. రామాంజి బండ అంచున కూర్చుని, తొంగి చూశాడు. నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి, చీకట్లోకి.

అబూ సాలెం వానలోనే మెట్లెక్కి వచ్చాడు. గొడుగు లేదు. బొక్క దగ్గర మోకాళ్ళమీద కూర్చుని విన్నాడు. “సుభానల్లాహ్,” అన్నాడు. మళ్ళీ అన్నాడు. తడిసిన గడ్డం రామాంజి భుజానికి ఆనించి, అతన్ని గట్టిగా పట్టుకున్నాడు.

ఇస్సాక్ పరంజా పైనుంచి, “బాబాయ్, గోడ పొడిగా ఉంది! చుక్క కారట్లేదు!” అని కేక పెట్టాడు. వాకిలి మేడం నెత్తిన టోపీ తీసేసి, ముఖం వానకు ఇచ్చి నిలబడింది.

సాయికుమార్ హైదరాబాద్‌లో ఉన్న భార్యకు ఫోన్ కలిపాడు. చూపించడానికి ఏమీ లేదు, ఒక బొక్క, దానిలో చీకటి. అయినా ఫోన్ పట్టుకున్న చెయ్యి చాచి బొక్క మీద పెట్టి, “ఏం మాట్లాడకు కీర్తనా,” అన్నాడు. “జర విను.”